ఓడ పుస్తకాలలో మనవారు – చేతివ్రాతను చదివిన కంప్యూటర్

మన ఇండ్లలో ఏ పెద్దవారిని అడిగినా చెప్పే మాట ఒకటే: "మనవాళ్ళు ఓడలో వచ్చినారు." ఏ ఓడ అంటే చెప్పగలిగినవారు తక్కువ. ఏ ఊరు అంటే కొందరు విశాఖపట్నం అంటారు, కొందరు మద్రాసు అంటారు. చాలామంది విషయంలో మద్రాసు ఓడ ఎక్కిన రేవు మాత్రమే. నాలుగు తరాలు గడిచేసరికి ఆ రేవే సొంత ఊరైపోయింది. నటాల్ చెరకు తోటలకు ఒప్పందం మీద వచ్చిన తెలుగువారి సంతతి అయిన మేము కూడా ఈ విషయంలో ఇతరులకన్న మెరుగు కాము. మా ముత్తాత పేరును మూడు విధాలుగా వ్రాసిన మూడు కాగితాలు, మామ్మ నోట విన్న "పాలకొండ" అన్న ఒక్క మాట, ఇంతే మాకు మిగిలినది.

ఆ మూడు కాగితాలలో ఏది సరియైనదో తేల్చుకోవడానికి మేము కంప్యూటర్‌ను ఆశ్రయించవలసి వచ్చింది. ఆ ప్రయత్నంలో తెలుసుకొన్న సంగతులను మనవంటి కుటుంబాలకు పనికివస్తాయన్న ఆశతో ఇక్కడ ముచ్చటిస్తున్నాము. పాత చేతివ్రాత గ్రంథాలను యంత్రంతో పరిశోధించడం మహాపండితుల వ్యవహారమని మేమూ మొదట అనుకొన్నవారమే. కాని మన తాతముత్తాతల పేర్లున్నవి కూడా చేతివ్రాత పుస్తకాలలోనే కదా!

నటాల్ ప్రభుత్వం 1859లో చేసిన 14వ నంబరు చట్టంతో ఇండియా నుంచి కూలీలను తెప్పించుకోవడానికి వీలు కలిగింది. మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ 1860 నవంబరు 16వ తేదీన 342 మందితో దర్బాను రేవు చేరింది. పది రోజుల తర్వాత కలకత్తా నుంచి 'బెల్వడేర్' వచ్చింది. 1866లో ఈ రాకపోకలు ఆగిపోయి, 1874లో మళ్ళీ మొదలై, 1911 వరకు సాగినాయి. మొత్తం వచ్చినవారు 1,52,184 మంది. అందులో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు ద్వారా వచ్చినవారే. ఐదేండ్ల ఒప్పందం. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, ఆపైన ఏటికొక షిల్లింగు పెంపు. ఇవి మనలో చాలామందికి తెలిసిన సంగతులే గనుక ఇక్కడ విస్తరించడం లేదు.

అంతగా తెలియనిది ఆ ఓడలతోపాటు వచ్చిన పుస్తకాల సంగతి. ప్రతి ఓడకు ఒక జాబితా ఉండేది. పెద్ద పెద్ద పుటల మీద గళ్ళు గీచి, కలంతో ఇంగ్లీషులో నింపిన జాబితా. మనిషికి ఒక వరుస. మొదటి గడిలో నంబరు. తర్వాత పేరు, తండ్రి పేరు, వయస్సు, ఆడా మగా, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది గుర్తులు. ఎడమ మోకాలి క్రింద మచ్చ, నుదుటి మీద గాయపు గుర్తు, ఇట్లాంటివి. తప్పించుకొని పోతే పట్టుకోవడానికి వ్రాసుకొన్న ఆ గుర్తులు ఈనాడు చదువుతూ ఉంటే, ఫోటో లేని మనిషి కాస్త కనిపించినట్లవుతుంది. మారిషస్ వారికి ఈ విషయంలో మనకన్న అదృష్టం ఎక్కువ. అక్కడ 1860ల తర్వాత వలస వచ్చినవారి ఫోటోలు కూడ తీయించినారు. అవి, వాటి రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. కోరంగి రేవు పేరు మీద 'కొరింగీలు' అని పిలిపించుకొన్న మన తెలుగు సోదరులు అక్కడ తమ పూర్వీకుల ముఖాలు చూసుకొంటున్నారు. మనకు మచ్చలే గతి.

ఈ నటాల్ పుస్తకాలు దర్బాను ప్రభుత్వ పత్రాల భాండాగారంలో ఉన్నాయి. ఎవరైనా తమ తాతగారి వివరం కావాలంటే నంబరు తెలిసి ఉండాలి. నంబరు తెలిస్తే పని నిమిషాలలో అవుతుంది. తెలియకపోతే లక్షన్నర మందిలో వెతకాలి. ఒక్కొక్క పుటా తిప్పి చదువుకొంటూ పోతే ఎన్ని ఏండ్లు పడుతుందో పాఠకులే లెక్క వేసుకోవచ్చును.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళి, పాత వ్రాతల వద్దకు ఈ యంత్రం ఎట్లా వచ్చిందో చెప్పుకోవాలి. ఇటలీ దేశానికి చెందిన రొబెర్తో బూసా అనే పాదిరి, పదమూడవ శతాబ్దపు తత్త్వవేత్త థామస్ అక్వైనాస్ రచనలలోని ప్రతి మాటకూ సూచిక తయారు చేయాలని తలపెట్టినాడు. చీటీల మీద వ్రాసుకొంటూ పోతే జీవితం చాలదని గ్రహించి, 1949లో న్యూయార్క్ వెళ్ళి ఐ.బి.ఎం. కంపెనీ అధిపతి థామస్ వాట్సన్‌ను కలిసినాడు. లెక్కలకు వాడే పంచ్ కార్డులను మాటలకు వాడడం ఆ విధంగా మొదలైంది. సుమారు కోటి మాటల పని. ముప్ఫై ఏండ్లు పట్టి 56 సంపుటాలుగా అచ్చయింది. అక్కడ కార్డుల మీద రంధ్రాలు కొట్టిన యువతుల పేర్లు చాలాకాలం ఎవరికీ పట్టలేదు. ఏ పెద్దపనిలోనైనా ఇది మామూలే అనుకోండి.

బూసాగారిది ఒకే రచయిత గ్రంథరాశి, ఎన్నోమార్లు అచ్చయినది. మన ఓడ పుస్తకాల బాధ వేరు. ఒక గుమాస్తా వ్రాత మరొకనికి అందదు. ఒకే పుటలో రెండు కలాలు. సిరా పాలిపోయి, అంచులు చిరిగి, 'ఒకటి'కీ 'ఏడు'కూ, 'మూడు'కూ 'ఎనిమిది'కీ తేడా తెలియనట్లు ఉంటుంది. తాటాకు ప్రతులు సరిచూసే పండితులు వ్రాతగాడు ఎక్కడ పొరపాటు చేస్తాడో ముందే పసిగడతారు. ఈ గుమాస్తాల విషయంలోను ఆ తెలివి అవసరమే.

దర్బాన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించిన సురేంద్ర భానా, జాయ్ బ్రెయిన్ అనే ఇద్దరు ఆచార్యులు ఈ జాబితాలను పరిశోధనకు ఆధారంగా తీసుకొన్నారు. ఒక్కొక్క వరుసనూ మనుష్యులే చదివి, జిల్లాకు ఒక సంకేతం, కులానికి ఒక సంకేతం ఇచ్చి, కంప్యూటర్‌కు ఎక్కించే పద్ధతి అది. 1860 నుంచి 1902 వరకు వచ్చిన 95,382 మంది వివరాల మీద భానాగారు వ్రాసిన పుస్తకం 1991లో ఢిల్లీలో వెలువడింది. అంతకు ముందు ఏడు వారిద్దరూ కలిసి నటాల్ వలసల చరిత్ర మీద మరొక గ్రంథం ప్రకటించినారు. 'కూలీలు' అని గంపగుత్తగా అనడమే తప్ప, వారు ఏ ఏ జిల్లాలవారు, ఏ వయస్సువారు, ఆడవారెందరు, ఒంటరిగా వచ్చినవారెందరు అన్న ప్రశ్నలకు ఒక్కొక్క మనిషినీ లెక్కపెట్టి చెప్పిన సమాధానాలు వీరివి. తరువాతి కాలంలో 1911 వరకు గల జాబితాలన్నీ కంప్యూటర్‌లోకి వచ్చి, క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతూలీ పత్రాల కేంద్రం ద్వారా ప్రజలకు అందుబాటులోకి వచ్చినాయి.

ఆ లెక్కలు చూడగానే మనకు కలిగే మొదటి ప్రశ్న: వీరిలో తెలుగువారెందరు? దీనికి యంత్రం జవాబు చెప్పలేదు. కారణం చాలా చిన్నది. జాబితాలో భాష అనే గడి లేదు. మన అమ్మమ్మలు ఏ భాషలో ఏడ్చినారో అడగవలసిన అవసరం ఆ గుమాస్తాకు కలగలేదు. గడి లేని ప్రశ్నకు కంప్యూటర్ దగ్గర జవాబు ఉండదు. కులం గడి, జిల్లా గడి చూసి మనమే ఊహించుకోవాలి. కాపు, గవర, వెలమ, గొల్ల, బలిజ అని ఉంటే తెలుగువారని చాలావరకు అనుకోవచ్చును. జిల్లాను బట్టి చెప్పడం మాత్రం కత్తిమీద సాము.

ఉదాహరణకు ఉత్తర ఆర్కాటు. ఈ పేరు నటాల్ జాబితాలలో మాటిమాటికీ వస్తుంది. ఈనాడు ఆ మాట వినగానే తమిళనాడులోని వేలూరు గుర్తుకు వస్తుంది కనుక, తమ పూర్వీకుల కాగితం మీద ఉత్తర ఆర్కాటు అని చూసిన మన కుటుంబాలు కొన్ని, "మేము అసలు తమిళులమేమో" అని సందేహంలో పడినాయి. ఆ రోజుల్లో ఉత్తర ఆర్కాటు జిల్లాకు కచేరీ ఊరు చిత్తూరు. చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి ప్రాంతమంతా ఆ జిల్లాలోదే. చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడినది 1911లో, అంటే మన ఓడలు ఆగిపోయిన ఏడే. కాబట్టి ఉత్తర ఆర్కాటు అని ఉన్నంత మాత్రాన తెలుగుతనానికి వచ్చిన లోటు ఏమీ లేదు. తాలూకా గడి కూడా చదువుకోవాలి.

గంజాం సంగతీ అంతే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో పెద్దభాగం అటు పోయింది. అంతవరకు ఇంగ్లీషువారు 'చికాకోల్' అని వ్రాసిన మన శ్రీకాకుళం ఆ జిల్లాలో ఉండేది. ఆ మాటను తెలుగులో చదివితే ఎవరికైనా చికాకే! భీమునిపట్నం 'బిమ్లిపటామ్', కాకినాడ 'కొకనాడ', ఏలూరు 'ఎల్లోర్'. ఈనాటి పటం పెట్టుకొని కంప్యూటర్‌లో వెతికితే వీటిలో ఒక్కటీ దొరకదు. పాత పేరుకు కొత్త పేరు జతపరిచే పట్టిక ముందుగా మనుష్యులు తయారుచేసి ఇవ్వాలి.

ఇక పేర్లు. మేము అన్నిటికన్న ఎక్కువ కాలం గడిపినది ఇక్కడే. వెంకటస్వామి అనే పేరునే తీసుకోండి. మన తెలుగిండ్లలో కోకొల్లలుగా ఉన్న పేరు. గుమాస్తా తమిళుడైతే 'వెంగడసామి' అని విని అట్లాగే వ్రాస్తాడు. మరొకడు 'వెన్‌కటసామి' అంటాడు, ఇంకొకడు 'సౌమి' అని ముగిస్తాడు. ఇట్లాంటి చిక్కు తీర్చడానికి అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన 1918లోనే ఒక ఉపాయానికి పేటెంట్ పొందినాడు. దాని పేరు సౌండెక్స్. పేరులో మొదటి అక్షరాన్ని అట్లాగే ఉంచి, అచ్చులను వదిలివేసి, తక్కిన హల్లులకు ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు ఇవ్వాలి. దగ్గర దగ్గరగా పలికే హల్లులకు ఒకటే అంకె. 'క', 'గ'లకు రెండు, 'ట', 'ద'లకు మూడు, 'న', 'మ'లకు ఐదు. మూడు అంకెలు రాగానే ఆపివేయాలి. ఈ లెక్కన పైన చెప్పిన వెంకటసామి, వెంగడసామి, వెన్‌కటసామి ముగ్గురూ 'వి-523' అనే ఒకే గూటికి చేరతారు. చూడండి, ఎంత తేలికగా తీరిపోయిందో!

అయితే తీరిపోలేదు. మా ముత్తాతది విశాఖ జిల్లా మాట. ఆ ప్రాంతపు పల్లెలలో వెంకటస్వామిని వెంకటస్వామి అని పిలిచేవారెవరు? "ఎంకటసామీ" అంటారు. గుమాస్తా ముందు నిలబడినవాడు తన పేరు తన నోట ఎట్లా పలికితే అట్లాగే కాగితం మీద పడుతుంది. అప్పుడు మొదటి అక్షరం 'వి' కాక 'వై' అయినా అవుతుంది, 'ఈ' అయినా అవుతుంది. సౌండెక్స్ మొదటి అక్షరాన్ని కదపదు గనుక, 'వి' గూటిలో వెతికేవారికి 'వై' గూటిలోని మనిషి ఎప్పటికీ కనబడడు. మేము రెండేండ్లు 'వి' గూటిలోనే వెతికినాము. చివరకు మా చిన్నాన్నగారు, కంప్యూటర్ ముందు ఒక్కసారి కూడ కూర్చోని మనిషి, "మన మామ్మ ఎట్లా పిలిచేదో అట్లా కొట్టి చూడండర్రా" అన్నారు. మరునాడే దొరికినాడు.

దొరికినాడు అన్నది కొంచెం తొందరపడి అన్న మాట. ఆ పేరు గలవారు పలువురు ఉన్నారు. అప్పలస్వామి, రాములు, అప్పన్న, సింహాచలం వంటి పేర్లతో వెతికేవారికి ఈ బాధ ఇంకా ఎక్కువ. ఒకే జిల్లాలో ఒకే దేవుని కొలిచేవారికి ఒకే పేర్లు ఉంటాయి. మన దేశంలో ఈ గందరగోళం లేకుండా చేసేది ఇంటిపేరు. ఆ జాబితాలో ఇంటిపేరుకు కూడ గడి లేదు. తండ్రి పేరుతో సరిపెట్టినారు. అందువల్లనే ఈ దేశంలో మనవారికి తండ్రి పేరో, తాత పేరో, నాయుడు అన్న బిరుదో ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. పెళ్ళిళ్ళలో గోత్రంతోపాటు పాత ఇంటిపేరు చెప్పుకొంటూ వచ్చిన ఇండ్లలో మాత్రమే అది బ్రతికి ఉన్నది. దాన్ని ఏ యంత్రమూ ఆ పుస్తకాలలోనుంచి పైకి తీయలేదు.

అప్పుడు అక్కరకు వచ్చింది నంబరు. ఆ రోజులలో మనిషిని పేరుతో కాక నంబరుతో పిలవడం ఎంత అవమానమో చెప్పనక్కర లేదు. మా మామ్మ ఆ మాట ఎత్తితేనే ముఖం తిప్పుకొనేదట. కాని ఆ నంబరే తోట మారినప్పుడు, పెళ్ళి నమోదైనప్పుడు, జబ్బుపడినప్పుడు, ఒప్పందం ముగిసినప్పుడు, 1895 చట్టం క్రింద తలకు మూడు పౌనుల పన్ను కట్టినప్పుడు, ప్రతి కాగితం మీదా పడుతూ వచ్చింది. పేరు పది విధాలుగా మారినా నంబరు మారలేదు. వేరు వేరు రిజిస్టర్లలోని వరుసలను నంబరు ఆధారంగా ఒక దారానికి గుచ్చడం కంప్యూటర్‌కు అతి తేలిక పని. మా ఇంట్లోని మూడు కాగితాలలో ఒకదాని మూల సగం చెరిగిపోయిన నంబరు ఉన్నది. చివరి రెండు అంకెలు స్పష్టం. మొదటిది ఒకటో ఏడో తెలియదు. పలువురిలో ఆ రెండంకెలతో ముగిసేవాడు, తాలూకా గడిలో పాలకొండ ఉన్నవాడు ఒక్కడే.

పాలకొండ విషయంలో కూడ యంత్రం ఒక ఆట ఆడించింది. ఊరి పేరు ఇవ్వగానే పటం మీద కడప జిల్లాలో చుక్క పెట్టి చూపింది. అక్కడ పాలకొండలు అనే కొండల వరుస ఉన్నమాట నిజమే. మనది ఆనాటి విశాఖపట్నం జిల్లాలోని పాలకొండ. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. ఊరు కదలకుండానే మూడు జిల్లాలు చూసింది. మూడు కాలాల పటాలు పెట్టుకొని చూస్తేగాని ఓడ పుస్తకంలోని ఊరు ఈనాటి బస్సు బోర్డు మీది ఊరితో కలవదు.

ఇంతవరకు చెప్పినదంతా మనుష్యులు చదివి ఎక్కించిన జాబితాలతో చేసిన పని. ఇప్పుడు చేతివ్రాతను యంత్రమే స్వయంగా చదివే రోజులు వచ్చినాయి. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం కేంద్రంగా ఐరోపా దేశాలు కలిసి అభివృద్ధి చేసిన ట్రాన్స్‌క్రిబస్ అనే సాధనం ఇందులో ప్రసిద్ధమైనది. దాని పద్ధతి మన వీధిబడి పద్ధతికి దగ్గరగానే ఉంటుంది. ముందు కొన్ని పదుల పుటలు మనిషి తప్పులేకుండా చదివి, ఏ వరుసకు ఏ మాటలో చూపాలి. యంత్రం ఆ వ్రాత పోకడను నేర్చుకొంటుంది. తరువాత కొత్త పుట ఇచ్చి చదివించి, నూరు అక్షరాలకు ఎన్ని తప్పులు పోయినాయో లెక్కించాలి. తప్పులు ఎక్కువైతే మరికొన్ని పుటలు నేర్పాలి. డచ్చి ఈస్టిండియా కంపెనీవారి పత్రాలు, సుమారు యాభై లక్షల పుటలు, ఈ విధంగా చదివించి వెతకడానికి అనువుగా చేసినారు. మచిలీపట్నం, పులికాట్, భీమునిపట్నాలలో డచ్చివారు వర్తకం చేసినవారే కనుక, మన తీరపు పదిహేడు, పద్దెనిమిదవ శతాబ్దాల చరిత్రకు అందులో ఎంత సామగ్రి ఉన్నదో ముందు ముందు పరిశోధకులు తేల్చాలి.

మన ఓడ పుటలు కొన్ని మేము కూడ మా మనుమని సాయంతో ఇట్లా చదివించి చూసినాము. తప్పెన్నడానికి కాదు గాని, మేము గమనించినది చెప్పాలి. ఇటువంటి యంత్రాలు అక్షరాల ఆకారంతోపాటు, ఏ అక్షరం తర్వాత ఏది రావడం మామూలో కూడ నేర్చుకొని ఉంటాయి. నేర్చుకొన్నది ఐరోపా వ్రాతలలో. 'రామన్న' అన్న చోట అది 'రొమానా' అని చదివింది. వంకర టింకరగా ఉన్నా మన కంటికి రామన్న తప్ప మరొకటి తోచని పదం. మనవారి పేర్లు తెలిసినవారు కూర్చొని కొన్ని వందల వరుసలు సరిదిద్ది ఇస్తే అది నేర్చుకొనగలదు. ఆ పని చేయగల పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. తెలుగు చదవడం రాకపోయినా ఫరవాలేదు, పేర్లు విన్న చెవి ఉంటే చాలును.

మరొక్క సంగతి. మేము చాలా ఆలస్యంగా తెలుసుకొన్నది.

కంప్యూటర్‌లోని జాబితాను వెతకడానికి వీలుగా పేర్ల వరుసలో అమర్చుకోవడం అందరూ చేసే పని. మేమూ అదే చేసినాము. మా ముత్తాత వరుస దొరికిన సంతోషంలో దాన్ని అచ్చుతీయించి, పటం కట్టించి గోడకు తగిలించినాము. ఒంటరిగా వచ్చినాడని, ముత్తవ్వను ఇక్కడికి వచ్చిన తర్వాతనే పెళ్ళాడినాడని ఇంట్లో చెప్పుకొనే కథ. ఏడాది గడిచిన తర్వాత ఎందుకో అదే జాబితాను నంబర్ల వరుసలో అమర్చి చూసినాము, ఓడ పుస్తకంలో ఉన్న క్రమంలో. గుమాస్తా ముందు ఎవరి వెనుక ఎవరు నిలబడినారో ఆ క్రమం. మా ముత్తాత తర్వాతి నంబరు ముత్తవ్వది. పేరు మొదటి అక్షరం వేరు కనుక పేర్ల వరుసలో ఆమె ఎక్కడో దూరంగా పడి ఉన్నది. ఆమె తర్వాతి నంబరు నాలుగేండ్ల ఆడపిల్లది. తండ్రి పేరు గడిలో మా ముత్తాత పేరు. తాలూకా పాలకొండ. ఒంటి గుర్తుల గడిలో కుడి చెంప మీద పుట్టుమచ్చ.

మా తాతగారికి ఒక అక్క ఉండేదని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. నంబరు పట్టుకొని తక్కిన రిజిస్టర్లలో వెతికితే, వచ్చిన పదకొండో నెలలో మరణాల పుస్తకంలో ఆ నంబరు ఉన్నది. జ్వరం అని వ్రాసినారు. అంతకు మించి ఏమీ లేదు.

ఆ సాయంకాలం మా చిన్నాన్నగారికి ఫోను చేసి చెప్పినాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "సంక్రాంతికి మా అమ్మ పెద్దలకు బట్టలు పెట్టేది గుర్తుందా?" అన్నారు. గుర్తు లేకేమి. మా వైపు అది పెద్ద పండుగ. చాపమీద పంచె, చీర, వాటి ప్రక్కన ఒక చిన్న పరికిణీ ముక్క కూడ పెట్టేది మామ్మ. పెద్దల కోసం అన్నప్పుడు చిన్నపిల్ల గుడ్డ ఎందుకని మేము పిల్లలుగా ఉన్నప్పుడు అడిగినాము. "మా అత్తగారు పెట్టేది, నేను పెడుతున్నాను" అన్నది తప్ప మరేమీ చెప్పలేదు. ఆమెకూ తెలియదేమో. మామ్మ పోయిన తర్వాత మా ఇండ్లలో పంచె, చీర పెట్టడం కొనసాగింది గాని పరికిణీ మానివేసినాము.

సంఖ్యల కోసం పుస్తకాలను సంకేతాలుగా మార్చేటప్పుడు మచ్చల గడి వంటివి లెక్కలోకి ఎక్కవు. పుట్టుమచ్చకు సంకేతం ఇచ్చి ఏ లెక్క తీయగలరు? దానికి పరిశోధకులను తప్పుపట్టలేము. అందుకే తమ కుటుంబాల కోసం వెతికేవారు కంప్యూటర్ చూపిన వరుసతో తృప్తిపడక, నంబరు తెలిసిన తర్వాత అసలు పుట నకలు కూడ తెప్పించుకోవాలి. ఆ పుటలో తమ మనిషికి పైన పది వరుసలు, క్రింద పది వరుసలు తప్పక చదవాలి. ఒకే ఊరినుంచి కలిసి బయలుదేరినవారు, తోడికోడళ్ళు, బావమరదులు అక్కడే ఉంటారు. మా ముత్తాతకు పై వరుసలో ఉన్న మనిషిది కూడ పాలకొండ తాలూకాయే. ఆయన నంబరు మాకు తెలుసు, తండ్రి పేరు తెలుసు. ఆ కుటుంబంవారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో మాత్రం తెలియదు. వారి ఇంట్లోనూ ఒక రేకుపెట్టె, అందులో సగం చెరిగిన కాగితం ఉండి ఉండవచ్చును.

మొన్నటి సంక్రాంతికి మా కోడలు చాట్స్‌వర్త్ బజారులో నాలుగేండ్ల పిల్లకు సరిపడే పరికిణీ ఒకటి కొని తెచ్చింది. ఎరుపు రంగు, ఆకుపచ్చ అంచు. చీర ప్రక్కన పెట్టినాము.